అంచు మీద లేని పేరు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత చార్జర్లు, స్పానర్లు, టేప్‌రికార్డర్ల గుట్ట మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో తుప్పుపట్టిన పిన్నుకు వేలాడుతూ రెండు పతకాలు. నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు పతకాల సేకరణ కొత్త, ఉత్సాహం ఎక్కువ, తెలివి తక్కువ. రెండూ కలిపి తీసుకుంటే ఎనిమిది వందలు, విడివిడిగా అయితే ఒక్కోటి అయిదు వందలు అన్నాడు అమ్మేవాడు. కలిపే తీసుకున్నాను. తెలిసి చేసింది కాదు, రెండొందలు కలిసొస్తాయని.

ఇంటికొచ్చి బ్రష్షుతో దుమ్ము దులిపి చూశాను. మొదటిదాని రిబ్బన్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. ఒకవైపు అశోకుడి సింహాలు, 1947 ఆగస్టు 15 అన్న తేదీ. రెండోవైపు అశోకచక్రం, దాని నెత్తిన బ్రిటిష్ రాజుగారి కిరీటం! ఇది భారత స్వాతంత్ర్య పతకం. ఆ రోజున సైన్యంలో ఉన్నవాళ్ళకి ఇచ్చినది. మనం ఇంకా గణతంత్రం కాలేదు కాబట్టి పతకం మీద ఆరవ జార్జి పేరు, కిరీటం అలాగే ఉండిపోయాయి. అంచు తిప్పి చూస్తే సన్నటి అక్షరాలు: ఒక నంబరు, హోదా, ఒక తెలుగువాడి పేరు.

రెండోది కంచు రంగు. ముందువైపు ఐక్యరాజ్యసమితి చిహ్నం, ప్రపంచపటం చుట్టూ ఆలివ్ కొమ్మలు, పైన యు.ఎన్.ఇ.ఎఫ్. అన్న నాలుగక్షరాలు. వెనకవైపు ఒకే ఒక్క ఇంగ్లీషు మాట, ‘శాంతి సేవలో’ అని. అంచు నున్నగా ఉంది. గీత కూడా లేదు.

ఒకదాని మీద మనిషి పేరుంది, ఎక్కడ పనిచేశాడో లేదు. ఇంకోదాని మీద ఎక్కడ పనిచేశాడో ఉంది, మనిషి పేరు లేదు. రెంటినీ కలిపి ఉంచింది ఆ తుప్పుపట్టిన పిన్ను ఒక్కటే. నేను బేరం కుదరక ఒక్కటే కొనుంటే? ఆ ఆలోచన నన్ను అప్పట్నుంచీ వదల్లేదు.

*

సైనిక పతకాలు సేకరించేవాళ్ళు ముందు చూసేది ముఖాన్ని కాదు, అంచుని. నాణేలవాళ్ళకీ మాకూ తేడా అక్కడే. నాణెం ఎవరి చేతుల్లో తిరిగిందో చెప్పదు. పతకం చెబుతుంది. 1815 వాటర్లూ యుద్ధం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆ యుద్ధంలో పాల్గొన్న అందరికీ, సిపాయి దగ్గర్నుంచి సేనాని దాకా, ఒకే రకం పతకం ఇచ్చింది. అంచు మీద ఎవరి పేరు వాళ్ళకి ముద్రించి ఇచ్చింది. అప్పటిదాకా చరిత్రలో సేనాపతులకి పేర్లు, సైనికులకి లెక్కలు. ‘ఇంతమంది పోయారు, ఇంతమంది మిగిలారు’ అంతే. పతకం అంచు ఆ లెక్కలోంచి ఒక్కో మనిషిని బయటికి తీసింది.

ఆ అలవాటు మనదేశపు సైన్యానికీ వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధపు వెండి పతకాల అంచుల మీద మన సిపాయిల పేర్లుంటాయి. రెండో ప్రపంచయుద్ధం దగ్గరకొచ్చేసరికి బ్రిటన్ తన సైనికులకి ఖర్చెక్కువని పేర్లు మానేసింది. కానీ ఇండియాలో ఇచ్చిన వాటికి మాత్రం పేర్లు వేశారు. అంటే లండన్ సైనికుడి పతకం అనామకం, గోదావరి జిల్లా సైనికుడి పతకానికి పేరుంది. వలస పాలన మనకి చేసిన మేలు అని కాదుగానీ, చరిత్రలో ఇలాంటి తమాషాలుంటాయి.

ఇంకో తమాషా, కాస్త చేదుది. పేరున్న వెండి పతకాలు చాలావరకు మిగల్లేదు. కష్టకాలంలో ఇంట్లో వెండి ఏ రూపంలో ఉన్నా కంసాలి తక్కెడలోకే వెళుతుంది. 1980లో వెండి ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు ప్రపంచవ్యాప్తంగా అలా కరిగిపోయిన పతకాలకి లెక్కలేదు. సమితి పతకాలు కంచువి. కరిగించినా ఏమీ రాదు. అందుకని అవి మిగిలాయి, పేర్లు లేకుండా.

*

సమితి ఇచ్చిన మొదటి సైనిక పతకం శాంతిసేనది కాదు, యుద్ధానిదే. 1950 డిసెంబరులో కొరియా కోసం పెట్టారు. నీలం, తెలుపు సన్నటి చారల రిబ్బను, సమితి సూత్రాల రక్షణలో సేవ చేసినందుకు అని వెనక రాత. పాల్గొన్న దేశాల భాషల్లో ఆ రాతని వేరువేరుగా ముద్రించారు. గ్రీకు, టర్కిష్, థాయ్, ఇథియోపియా వాళ్ళ అంహారిక్. సేకరించేవాళ్ళకి ఈ భాషల వేట ఒక పిచ్చి. కెనడా లాంటి దేశాలు తమవాళ్ళ పతకాల అంచున తామే పేర్లు వేయించుకున్నాయి. సమితి మాత్రం వెయ్యలేదు.

ఆ యుద్ధానికి నెహ్రూ ప్రభుత్వం తుపాకులు పంపలేదు, ఆసుపత్రిని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. 1950 నవంబరులో పూసాన్‌లో దిగిన ఈ డాక్టర్లు, నర్సింగ్ సిబ్బంది మూడేళ్ళకి పైగా అక్కడే ఉన్నారు. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు పారాచూట్లతో దూకారు. దూకింది కాల్చడానికి కాదు, కట్లు కట్టడానికి. రంగరాజ్‌కి మహావీర చక్ర వచ్చింది.

యుద్ధం ఆగాక అసలు చిక్కు మొదలైంది. సొంత దేశానికి వెళ్ళం అన్న యుద్ధఖైదీలు ఇరవై రెండు వేల పైచిలుకు. వాళ్ళ సంగతి తేల్చడానికి అయిదు తటస్థ దేశాల సంఘం వేసి, జనరల్ తిమ్మయ్యని అధ్యక్షుడిగా పెట్టారు. కాపలాకి వెళ్ళింది మేజర్ జనరల్ థోరట్ నడిపిన భారత సంరక్షక దళం. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ భారత సైనికులు తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. దాంతో ఇంచాన్ రేవునుంచి నిస్సైనిక ప్రాంతానికి వాళ్ళని అమెరికన్ హెలికాప్టర్లలో ఎత్తుకెళ్ళి దించాల్సి వచ్చింది. శాంతికోసం వెళ్ళినవాళ్ళకి నేల మీద నడిచే అనుమతి కూడా లేదు! రెండువైపులా అనుమానమే. కమ్యూనిస్టులకి పెట్టుబడిదారుల మనుషులు, వీళ్ళకేమో కమ్యూనిస్టుల మనుషులు.

చివరికి ఎటూ వెళ్ళం, తటస్థ దేశానికి వెళతాం అన్న 88 మందిని 1954 ఫిబ్రవరిలో మనవాళ్ళు తమతో ఇండియాకి తీసుకొచ్చారు. ఆ కొద్దిమంది గురించి కొరియన్ సాహిత్యంలో గొప్ప నవల ఒకటుంది. చోయ్ ఇన్‌హున్ 1960లో రాసిన ‘గ్వాంగ్‌జాంగ్’. అంటే ‘కూడలి’. కథానాయకుడు ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కాదని తటస్థ దేశాన్ని ఎంచుకుని ఇండియా వైపు వెళ్ళే ఓడ ఎక్కుతాడు. ఓడ పేరు టాగూర్. అతను ఒడ్డు చేరడు, దారిలోనే సముద్రంలో కలిసిపోతాడు. మన సైనికుడికి అది డ్యూటీ. ఆ ఖైదీకి అది ప్రపంచంలో మిగిలిన ఆఖరి చోటు. ఒకే ఓడ రెండు వైపుల నుంచి ఎలా కనిపిస్తుందో పతకం చెప్పదు. అది నవల చెప్పాల్సిందే.

*

ఇక నా దగ్గరున్నదాని సంగతి. 1956 జులైలో నాసర్ సూయజ్ కాలువని జాతీయం చేశాడు. అక్టోబరు చివర్లో ఇజ్రాయెల్, ఆ వెంటనే బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టు మీద పడ్డాయి. భద్రతామండలిలో వీటో ఉన్న రెండు దేశాలే దాడి చేస్తే మండలి ఏం చేస్తుంది? విషయం సర్వసభ్యసభకి వెళ్ళింది. కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ ప్రతిపాదనతో నవంబరులో ఐక్యరాజ్యసమితి అత్యవసర దళం పుట్టింది. ఆ నాలుగక్షరాలు దాని పొట్టిపేరే. సాయుధమైన మొదటి శాంతిసేన ఇదే. పది దేశాల సైనికులు, పది రకాల యూనిఫాంలు. దూరం నుంచి గుర్తుపట్టడం ఎలా? అమెరికన్ హెల్మెట్ల లోపలి తొడుగులకి నీలం రంగు వేసి పెట్టేశారు. ఈరోజు ప్రపంచమంతా చూసే నీలం టోపీ ఆ హడావిడిలోంచి వచ్చింది.

పతకం రిబ్బను నాకు మొదట్లో మాసిపోయిందేమో అనిపించింది. కాదు, అది ఇసుక రంగు. సినాయ్ ఎడారి. మధ్యలో సమితి లేత నీలం. అటూ ఇటూ సన్నగా ముదురు నీలం సూయజ్ కాలువకి, ఆకుపచ్చ నైలు లోయకి. వేలెడు గుడ్డముక్కలో ఒక భూగోళం. తొంభై రోజులు పనిచేస్తే ఇది వస్తుంది. గాజా సరిహద్దు గీత పొడవు 59 కిలోమీటర్లు. పగలు పరిశీలన గుడిసెల్లో నిలబడటం, రాత్రి గస్తీ. పదేళ్ళకి పైగా భారత సైనికులు అక్కడున్నారు. 1960లో నెహ్రూ గాజా వెళ్ళి వాళ్ళని చూసొచ్చాడు.

1967 మేలో నాసర్ దళాన్ని వెళ్ళిపొమ్మన్నాడు. ఆతిథ్యమిచ్చిన దేశం పొమ్మంటే శాంతిసేన వెళ్ళాల్సిందే. మూటాముల్లే సర్దుకుంటుండగానే జూన్ 5న యుద్ధం వచ్చిపడింది. ఇంకా గాజాలోనే ఉన్న భారత సైనికుల్లో కొందరు ఆ కాల్పుల్లో చనిపోయారు. ఎవరితోనూ యుద్ధంలో లేని మనుషులు, ఇద్దరు యుద్ధం చేసుకుంటుంటే మధ్యలో. గాజాలో ఇప్పటికీ భారత సైనికుల సమాధులున్నాయి.

ఈ పతకానికి సేకరించేవాళ్ళు కాస్త ఎక్కువ విలువ ఇవ్వడానికి ఒక కారణముంది. దళం పేరు పతకం మీదే ఉంది. 1959లో సమితి ఒక సాధారణ నమూనా తయారుచేసింది. తర్వాత దాదాపు అన్ని దళాలకీ అదే బిళ్ళ, సమితి పేరులోని రెండక్షరాలతో. మారేది రిబ్బను మాత్రమే. రిబ్బను మారిస్తే కాంగో కాస్తా సైప్రస్ అవుతుంది, సైప్రస్ లెబనాన్ అవుతుంది. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే ఆబ్జెక్ట్ ఒకటే, లేబుల్ మారుతుంది. దొంగ సరుకు చేసేవాడికి ఇంతకన్నా సులువు ఏముంటుంది? మోసం అక్కర్లేదు, మామూలు నిర్లక్ష్యం చాలు. రిబ్బను చిరిగిందని ఎవరో మంచిమనసుతో కొత్తది కుడతారు. ఒక మనిషి జీవితంలో ఒక దేశం మారిపోతుంది.

కాంగో సంగతే తీసుకోండి. 1960 నుంచి 1964 వరకు. మొదట్లో ఆ దళానికి సొంత రిబ్బను లేదు. పాలస్తీనా పరిశీలకుల రిబ్బన్నే ఇచ్చి, దానిమీద ‘కాంగో’ అన్న చిన్న లోహపు పట్టీ బిగించారు. 1963లో వేరే రిబ్బను వచ్చింది. కాబట్టి పట్టీ ఉన్నది పాత పద్ధతిది. ఆ పట్టీ ఊడిపోతే? కాంగో అడవులు పోయి జెరూసలేం మిగులుతుంది.

ఆ కాంగోలోనే 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా కొద్దిమంది గూర్ఖాలతో తనకన్నా ఎన్నోరెట్లున్న తిరుగుబాటు దళాన్ని ఎదుర్కొని చనిపోయాడు. సమితి శాంతిసేనలో పనిచేస్తూ పరమవీర చక్ర పొందినది ఆయన ఒక్కడే. పరమవీర చక్ర నిబంధనల్లో ‘శత్రువు ఎదుట’ చూపిన సాహసానికి అని ఉంటుంది. శాంతిసేనకి శత్రువులు ఉండకూడదు, అదే దాని మూలసూత్రం. ఒకే మనిషి, ఒకే రోజు. దేశం దృష్టిలో అతని ముందున్నది శత్రువు. సమితి దృష్టిలో ఆ మాటకే చోటు లేదు. ఈ వైరుధ్యాన్ని ఎవరూ పరిష్కరించలేదు, పక్కపక్కన రెండు పతకాలు పెట్టేసి ఊరుకున్నారు.

*

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన మాట కూడా చెప్పాలి. ‘శాంతి సేవలో’ అన్న ఆ రాత ఎప్పుడూ నిజమేనా? 1994 ఏప్రిల్లో రువాండాలో జనహత్య మొదలైన రెండు వారాలకి భద్రతామండలి అక్కడి దళాన్ని 270 మందికి కుదించమని తీర్మానించింది. లక్షలమంది చనిపోతుంటే! అక్కడ పనిచేసినవాళ్ళకీ ఇదే బిళ్ళ, ఇదే రాత. ఉండిపోయి చేతనైనంతమందిని కాపాడిన సైనికుడికీ, ఆజ్ఞప్రకారం విమానం ఎక్కినవాడికీ రోజులు సరిపోతే తేడా లేదు. శ్రీలంకకి వెళ్ళిన మన దళానికి శాంతిసేన అనే పేరు పెట్టాం. అది సమితిది కాదు కాబట్టి ఈ కంచు బిళ్ళ వాళ్ళకి రాదు. అక్కడ వెయ్యిమందికి పైగా మన సైనికులు చనిపోయారు. శాంతి అన్న మాట ఎవరు ముద్రిస్తే చెల్లుతుంది అన్నది పెద్ద ప్రశ్నే.

కాబట్టి పతకం సాక్ష్యం కాదు. పనికి తీర్పు అసలే కాదు. ఒక మనిషి ఒకచోట తొంభై రోజులున్నాడు అన్న రసీదు. రసీదు మీద పేరైనా ఉండాలి కదా అన్నదే నా గొడవ.

దీనికి సమాధానం వెతుకుతుంటే ఇంకో పతకం తగిలింది. 1997లో భద్రతామండలి తీర్మానంతో పెట్టిన డాగ్ హామర్‌షోల్డ్ పతకం. కాంగోలో కాల్పుల విరమణ మాట్లాడటానికి వెళుతూ 1961 సెప్టెంబరులో ఎన్డోలా దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయిన ప్రధాన కార్యదర్శి పేరు మీద. దీనికి రిబ్బను లేదు, తగిలించుకునే పిన్ను లేదు. గుడ్డు ఆకారంలో ఉండే స్ఫటికం. విధుల్లో చనిపోయిన శాంతిసైనికుల కుటుంబాలకి ఇస్తారు. దానిమీద చనిపోయిన తేదీ చెక్కుతారు. పేరు కూడా.

అంటే సమితికి పేరు రాయడం చేతకాక కాదు. బతికొస్తే పేరుండదు. చనిపోతే ఉంటుంది. ఇందులో దురుద్దేశం ఉందని నేననను. ఎన్నో దేశాల నుంచి లక్షలమంది వచ్చిపోయే చోట ఒక్కో అంచు మీద ఒక్కో పేరు చెక్కడం ఖర్చు, శ్రమ. బిళ్ళలన్నీ ఒకేలా ఉంటే పని సులువు. ఇంకో వాదన కూడా ఉంది: అందరిదీ ఒకే పతకం అంటే దేశాలకి, హోదాలకి అతీతమైన సమానత్వం. వినడానికి బాగుంది. కానీ వాటర్లూ పతకం కూడా అందరికీ ఒకటే. సమానత్వం ముఖం మీద ఉంది, మనిషి అంచు మీద ఉన్నాడు. రెండూ కుదిరాయి కదా.

*

నా దగ్గరున్న అంచు మీది పేరు పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. ఏడాదిన్నర పట్టింది. పతకం ఫొటో ఒకరి నుంచి ఒకరికి వెళ్ళి, చివరికి పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఫోనొచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, ఇంటికో సైనికుడున్న ఊరని పేరు. ఇది ఆ ఊరు కాదు, ఆ చుట్టుపక్కలది. మాట్లాడింది మనవడు. పాత ఇల్లు కూల్చేటప్పుడు సామానంతా ఒకేసారి బేరానికి ఇచ్చేశామన్నాడు. “ఎంతకి కొన్నారండీ?” అని అడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను వాళ్ళమ్మకి ఇచ్చాడు. ఆవిడ ఆ సైనికుడి కూతురు.

“అంచు మీద ఏం రాసుందో చదువు బాబూ” అంది. చదివాను. “ఇంటిపేరు తప్పు రాశారు” అంది వెంటనే.

వెళ్ళాను. డెబ్భై ఏళ్ళ మనిషి. రెండు పతకాలూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. నాన్న ఒంటెల దేశం వెళ్ళొచ్చాడని చిన్నప్పుడు చెప్పేవాడు, అది ఏ దేశమో ఇంట్లో ఎవరికీ తెలీదు అంది. ఇసుక రంగు రిబ్బను చూపించి గాజా అని చెప్పాను. “టీవీలో చూపిస్తున్నారే, ఆ గాజానా?” అంది. అవునన్నాను. “అయితే ఆయన కాపలా కాసింది ఏమీ మిగల్లేదన్నమాట.” నా దగ్గర దానికి జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

బయల్దేరే ముందు ఆవిడ పిన్ను విప్పి, స్వాతంత్ర్య పతకం తన దగ్గర పెట్టుకుని, కంచుది నా చేతిలో పెట్టింది. “డబ్బులు పెట్టి కొన్నావు, ఇంతదూరం వచ్చావు. ఊరికే తీసుకుంటే బాగోదమ్మా. దీనిమీద నాన్న పేరు లేదుగా, ఇది నువ్వుంచుకో.”

వద్దనాలి. రెండూ విడిపోతే ఏమవుతుందో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండు పేజీలుగా మీకు చెబుతున్నదంతా ఆవిడకి చెప్పాలి. చెప్పలేదు. మర్యాదకి కాదనలేకపోయాను అని చాలారోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం ఏంటంటే నాకు అది కావాలి. ఆ ఇసుక రంగు రిబ్బనుతో, దళం పేరున్న ఆ ఒక్క నమూనా నా పెట్టెలో ఉండాలి.

ఇప్పుడది నా పెట్టెలోనే ఉంది. కింద చిన్న చీటీ మీద ఆయన పేరు రాసిపెట్టాను, ఇంటిపేరు ఆవిడ సరిచేసినట్టే. చీటీలు పతకాలకి అతుక్కుని ఉండవు. ఆ సంగతి అందరికన్నా మా సేకరించేవాళ్ళకే బాగా తెలుసు. సంక్రాంతికి అటువైపు వెళ్ళే పని ఉంది. పెట్టె తీసి, మూసి, మళ్ళీ తీస్తున్నాను.